జేబు చాకు సంగతులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మడత చాకుల మీద వచ్చిన ఉత్తరాల్లోంచి ఎక్కువమంది అడిగినవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం. ఒకే సంగతి మీద వచ్చినవాటిని కలిపేశాం.

పార్సిల్ పెట్టెలు విప్పడం, ఆఫీసులో ఒక జామకాయ కోసుకోవడం, దారం తెంపడం... నా అవసరం ఇంతే. ఆన్‌లైన్‌లో చూస్తే ఒపినెల్, విక్టోరినాక్స్, కేస్, హిగొనొకామి అని బోలెడు పేర్లు. లాక్ ఉన్నది కొనాలా, లేనిది కొనాలా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

ఈ మూడు పనులకీ 6–7 సెంటీమీటర్ల బ్లేడు చాలు. పొడవు కంటే పల్చదనం చూడండి. పాతకాలపు జేబు చాకులు చాలావరకు పల్చటివే, బ్లేడు మందం సాధారణంగా 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇప్పుడు ఫ్యాషన్‌గా అమ్ముతున్న 3–4 మిల్లీమీటర్ల బండ బ్లేడుతో జామకాయ కోసి చూడండి. కాయ కోసుకోదు, పగిలి రెండవుతుంది.

ఇక పేర్ల సంగతి. ఈ నాలుగు చాకులూ మూడు జాతులవి. విక్టోరినాక్స్, కేస్ రెండూ స్లిప్‌జాయింట్లు. పిడి వెనక ఒక పొడుగాటి ఉక్కు స్ప్రింగు ఉంటుంది. అది బ్లేడు మొదలును నొక్కిపెట్టి, తెరిచినప్పుడు తెరిచినట్టు, మూసినప్పుడు మూసినట్టు ఉంచుతుంది. అది లాక్ కాదు. బ్లేడు వీపు మీద గట్టిగా నొక్కితే మూసుకుంటుంది. రెండో జాతి ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల ఒపినెల్. 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకు ఇది. స్ప్రింగు లేదు, చెక్క పిడి బిగువే ఆధారం. 1955లో దానికి తిరిగే రింగు ఒకటి చేర్చారు. తెరిచాక రింగు తిప్పితే బ్లేడు కదలదు. మూడోది జపాన్‌లో మికి ఊరి హిగొనొకామి. స్ప్రింగూ లేదు, రింగూ లేదు. బ్లేడు మొదట్లో బయటికి పొడుచుకొచ్చిన చిన్న తోకను బొటనవేలితో నొక్కి పట్టుకోవడమే దాని లాక్.

పండ్లే ఎక్కువైతే ఒపినెల్ 6వ నంబరో 7వ నంబరో తీసుకోండి, స్టెయిన్‌లెస్ రకం. పార్సిళ్లు, అప్పుడప్పుడు ఒక స్క్రూ, ఒక సోడా మూత అయితే విక్టోరినాక్స్ వాళ్ల 91 మిల్లీమీటర్ల పిడి ఉన్న స్పార్టన్. ఇందులో రెండు బ్లేడులుంటాయి. డబ్బా మూత కోసే పనిముట్టు మొన నక్షత్రం గాడి స్క్రూలకు కూడా పట్టుకుంటుంది. కార్కు స్క్రూ మనకెందుకు అనిపిస్తుంది గానీ, బిగుసుకుపోయిన తాడు ముడిలోకి దాన్ని తిప్పి లాగితే ముడి వదులవుతుంది. మా దృష్టిలో ఆ చాకులో తక్కువ పేరొచ్చిన గొప్ప పనిముట్టు అదే. తాళం గుత్తికి తగిలించడానికే అయితే 58 మిల్లీమీటర్ల క్లాసిక్ సరిపోతుంది.

కేస్ అమెరికాలోని పెన్సిల్వేనియాది. అందమైన చాకు, కానీ మొదటి చాకుగా మేం చెప్పం. హిగొనొకామి ఇష్టంకొద్దీ కొనుక్కునేది.

స్లిప్‌జాయింట్‌ను చేతికి తీసుకుని కొనే వీలుంటే నాలుగు చూడండి. తెరుస్తుంటే మొదట్నుంచీ చివరిదాకా స్ప్రింగు ఒకే బలంతో లాగాలి, చివర్లో ‘టక్’ మని మోగాలి. వెలుతురుకు ఎత్తి చూస్తే స్ప్రింగుకీ పక్క రేకులకీ మధ్య సందు కనపడకూడదు. తెరిచిన బ్లేడు మొన పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఊగకూడదు. మూశాక మొన పిడిలోకి పూర్తిగా దిగాలి. పైకి పొడుచుకొచ్చిన మొన ముందు జేబును, తర్వాత వేలిని కోస్తుంది.

పార్సిళ్ల గురించి ఒక మాట. అట్టపెట్టె అంత త్వరగా బ్లేడును మొద్దు చేసేది ఇంట్లో ఇంకోటి లేదు. చిత్తుకాగితంతో చేసిన అట్టలో సన్నటి మట్టీ ఇసుకా ఉంటాయి. అందుకే రెండు బ్లేడుల చాకైతే చిన్నది పెట్టెలకీ, పెద్దది తిండికీ కేటాయించండి. మొన 5 మిల్లీమీటర్లకు మించి లోపలికి పోనివ్వకుండా టేపు మీద మాత్రమే లాగండి. లోపలున్న చీరా క్షేమం, పదునూ క్షేమం. టేపు జిగురు అంటుకుంటే గోరుతో గీకొద్దు. గుడ్డకు రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి తుడిస్తే వస్తుంది.

ఒపినెల్ 8వ నంబరు చాకు వేసవిలో హాయిగా తెరుచుకునేది. వానలు మొదలయ్యాక బ్లేడు బయటికి రానంటోంది. నా గోరు విరిగింది గానీ అది కదల్లేదు. పిడి పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, భీమవరం

పాడవలేదు, ఉబ్బింది. పిడి బీచ్ అనే చెట్టు చెక్క. గాలిలో తేమ తాగి ఉబ్బి, బ్లేడు మొదలును రెండువైపులా నొక్కేస్తోంది. మీ డెల్టా ఊళ్లలో ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఇది మామూలే.

ఇప్పటికిప్పుడు తెరవాలంటే ముందు రింగు చూడండి. రింగు సందు, పిడి గాడి ఒకే వరసలో ఉండాలి. సగం ఫిర్యాదుల్లో రింగు తిప్పి ఉండటమే అసలు కారణం. తర్వాత సవోయ్ వాళ్లు వాడే చిట్కా. రింగు దగ్గర పిడి పక్కల్ని బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోండి, గాడికి అడ్డంగా వేలు ఉండకూడదు. గాడి వైపు కిందికి చూసేలా పట్టి, పిడి వెనక కొనను చెక్కబల్ల మీద ‘టక్’ మని తట్టండి. పిడి ఆగిపోతుంది, బ్లేడు మాత్రం తన ఊపుకొద్దీ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. మరీ బిగిసి ఉంటే మూడు నాలుగు దెబ్బలు పడతాయి. బయటికొచ్చిన వీపును రెండు వేళ్లతో పట్టి లాగండి.

తెరిచాక, తెరిచే ఉంచి నీడలో గాలికి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే పిడి చీలుతుంది. ఆరాక కూడా బిగుతుగానే ఉంటే 240 నంబరు ఎమరీ కాగితం మడిచి, ఇరుసు దగ్గర గాడి లోపలి గోడల్ని ఒక్కోవైపు పదిసార్లు రుద్ది, మూసి తెరిచి చూడండి. మళ్లీ పది. అంతకంటే తొందరపడితే వానాకాలం గెలుస్తారు, వేసవిలో బ్లేడు గలగలలాడుతుంది. తీసిన చెక్క తిరిగి రాదు కదా.

చివరగా నూనె. అవిసె నూనె గుడ్డతో పల్చగా పట్టించి, పావుగంట ఆగి, మిగులు తుడిచేసి ఒక రోజు ఆరబెట్టండి. ఇలా మూడుసార్లు. ఇరుసు సందులో కొంచెం వ్యాసలీన్ కూరి రాత్రంతా వదిలేస్తే చెక్కలోకి ఇంకుతుంది. నూనె తేమను పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది అంతే. అవిసె నూనె పీల్చిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. తీగమీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

సింకులో అంట్లతోపాటు నానబెట్టే అలవాటు ఉంటే మాత్రం పైన చెప్పినదంతా వృథా.

మా బాబుకి పదేళ్లు. వాళ్ల తాతయ్య మడత చాకు ఒకటి ఇచ్చారు, లాక్ లేనిది. వద్దనలేను, ఇవ్వాలంటే భయం. వేలిమీద మూసుకుపోతుందేమోనని. ఏం నేర్పి ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

మూసుకుపోతుంది, మీ భయం సబబే. కానీ ఎప్పుడు మూసుకుంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. కోసేటప్పుడు బలం పదును మీద పడుతుంది, అది బ్లేడును ఇంకా తెరిచే వైపుకే నెడుతుంది. బలం వీపు మీద పడ్డప్పుడే మడుస్తుంది. ఆ సందర్భాలు మూడే. మొనతో పొడవడం. దేంట్లోనో ఇరుక్కున్న బ్లేడును పైకి ఊపుతూ లాగడం. వీపుతో కొట్టడం లేదా గీకడం. ఈ మూడూ మీ బాబు చేయకపోతే లాక్ లేని చాకు కోసే పనిలో మూసుకోదు. చిల్లు పెట్టాలంటే, చాకులో దబ్బనం లాంటి పనిముట్టు ఉంటే దాంతో పెట్టాలి, లేదా నాన్నను అడగాలి.

తెరవడం ఇలా నేర్పండి. ఎడమచేతిలో పిడి, వీపు వైపు నుంచి పట్టు, గాడి మీదుగా వేళ్లు లేకుండా. కుడి బొటనవేలి గోరు బ్లేడు మీది గాడిలో. కొన్ని చాకులు సగం తెరిచాక ఒకసారి ఆగుతాయి. అక్కడ గోరు తీసి, బ్లేడు రెండు పక్కల్నీ వేళ్లతో పట్టి పూర్తిగా తెరవాలి. మూసేటప్పుడు బ్లేడు వీపు మీద అరచేయి ఆనించి సగందాకా తోసి, పిడి పట్టిన వేళ్లన్నీ పక్కలకు జరిగాయా అని కళ్లతో చూసి, మిగతా సగం. ఆ చివరి మడతలో వేలికి దెబ్బ తగలడం తేలిక.

గోరు విరిగేంత బిగుతుగా ఉన్న చాకు పిల్లలకు ఇవ్వకండి. కొత్తదైతే గోరువెచ్చటి సబ్బునీళ్లలో ఇరవైసార్లు తెరిచి మూసి, తుడిచి, పొడిగా ఆరాక ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకో సూత్రం. తెరిచిన చాకు చేతిలో ఉండగా చెయ్యి చాచి చుట్టూ తిప్పితే ఎవరికీ తగలకూడదు. తగిలితే మూయాలి. లేచి నడవాలన్నా మూయాలి. ఒకరికి ఇవ్వాలన్నా మూసి ఇవ్వాలి. మన ఇళ్లలో కత్తి చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి అంటారు చూడండి, ఆ పట్టింపు ఎందుకు పుట్టిందో గానీ పిల్లలకు భేషుగ్గా పనికొస్తుంది.

మొదటి వారం అరటిపండు, తర్వాత పాత సబ్బు ముక్క మీద అక్షరాలు చెక్కడం, ఆపైన పెన్సిల్, చివరికి పచ్చి వేపపుల్ల తొక్క తీయడం. ఎండుపుల్ల వద్దు, అది జారుతుంది. చెక్కేది ఎప్పుడూ ఒంటికి ఎదురుగా కాకుండా బయటికి. తాతయ్య బహుమతి కొన్నాళ్లు బీరువాలో ఉన్నా నష్టం లేదనుకుంటే, ఒపినెల్ వాళ్లు పిల్లల కోసం చేసే 7వ నంబరు చాకు ఒకటుంది. మొన గుండ్రంగా ఉంటుంది, రింగు లాక్ ఉంటుంది.

చాకు మొద్దుబారింది. బజార్లో సైకిల్ చక్రం మీద సాన పట్టేవాడికి ఇస్తే ఒక్కరోజు బాగా తెగింది, మర్నాటికి మళ్లీ మొద్దు. పైగా బ్లేడు సన్నబడింది. ఇంట్లో పట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు. ఇదే ప్రశ్న నిజామాబాద్, బెంగళూరు నుంచి కూడా

పట్టుకోవచ్చు, పట్టుకోవాలి కూడా. చక్రం కత్తిపీటకీ కొడవలికీ బాగానే ఉంటుంది. జేబు చాకు బ్లేడు పల్చన. పొడిచక్రం మీద క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు దగ్గర నీలిరంగు మెరిస్తే అక్కడ మామూలు ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కిందని లెక్క. ఆ మేరకు ఉక్కు మెత్తబడి పదును నిలవదు. ఆ భాగం రాయిమీద అరగదీసేసేదాకా మీ చాకు ఇలాగే విసిగిస్తుంది. మర్నాటికే మొద్దుబారడానికి రెండో కారణం బర్. దాని సంగతి కింద చెప్తాం.

కావలసినవి: 400/1000 నంబర్ల రెండు ముఖాల నీటి సానరాయి (400 గరుకు ముఖం, 1000 సన్నటిది), ఒక మార్కర్ పెన్ను, పాత తోలు బెల్టు. హార్డ్‌వేర్ షాపులో దొరికే నల్లటి కార్బొరండం రాయి కూడా పనికొస్తుంది. నీళ్లతో మొదలుపెడితే ఎప్పటికీ నీళ్లే, నూనెతో అయితే నూనే. కలపకండి. నీటిరాయిని బుడగలు ఆగేదాకా, అంటే ఐదు పది నిమిషాలు నానబెట్టి, తడిగుడ్డ మీద పెట్టండి, జారదు.

పదునంచుకు రెండువైపులా మార్కర్ పూయండి. బ్లేడును రాయిమీద పడుకోబెట్టి వీపు కొంచెం ఎత్తండి. 15 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడుకి వీపు 4–5 మిల్లీమీటర్లు లేస్తే 15–20 డిగ్రీల కోణం వస్తుంది. రూపాయి నాణేలు మూడు పేర్చి, వాటి మీద వీపు ఆనించి, ఆ ఎత్తు చేతికి అలవాటు చేసుకోండి. చిన్న బ్లేడు 9 మిల్లీమీటర్ల వెడల్పుంటే 2.5–3 మిల్లీమీటర్లే ఎత్తాలి. నాణేల లెక్క దానికి మార్చుకోండి.

400 ముఖం మీద, రాయి పైపొరను పల్చగా చెక్కి తీస్తున్నట్టు, పదును ముందుండేలా మొదలు నుంచి మొన దాకా ఒకే ఊపులో తొయ్యండి. బ్లేడు వంపు తిరిగే చోట పిడిని కొద్దిగా లేపాలి, లేకపోతే మొన దగ్గర పదునే పడదు. రెండుసార్లు తోసి మార్కర్ చూడండి. అంచు మీద రంగు మిగిలి పైన పోతే కోణం తక్కువైంది, ఇంకొంచెం ఎత్తాలి. అంచు మీద మాత్రమే పోతే ఎక్కువైంది.

ఒకే వైపు పదేసి తోపులు తోస్తూ, అవతలి వైపు అంచును వేలి కొసతో తడమండి. వీపు నుంచి అంచు వైపు తడమాలి గానీ అంచు పొడవునా వేలు నడపకూడదు. సన్నటి వెంట్రుకలాంటి గరుకు తగిలితే అదే బర్, అరిగిన ఉక్కు అవతలికి మడిచిన అంచు. మొదలు నుంచి మొనదాకా ఎక్కడా తెగకుండా అది తగిలాకే రెండోవైపు తిప్పాలి. ఇంట్లో పట్టిన చాకులు తెగకపోవడానికి మేం చూసినంతలో మొదటి కారణం బర్ రాకముందే వైపు మార్చేయడం.

రెండువైపులా బర్ వచ్చాక 1000 ముఖం. ఇప్పుడు ఇటొకటి అటొకటి, పది జతలు, ఒత్తిడి తగ్గించుకుంటూ. చివరి రెండు జతలకు చాకు బరువే చాలు. తర్వాత బెల్టు లోపలి గరుకు వైపు మీద, వీపు ముందుండేలా, ఒక్కోవైపు పది లాగులు. ఈ చివరి మెట్టు వదిలేస్తే బర్ అంచు మీదే నిలబడి ఉంటుంది. ఆ రోజు రేజర్‌లా కోస్తుంది, రెండో రోజు విరిగిపోయి మొద్దవుతుంది. మీ సానవాడి దగ్గర జరిగింది ఇదీ కలిసే.

టమాటా మీద బరువు వెయ్యకుండా లాగితే తొక్క తెగాలి. అది చాలు.

విక్టోరినాక్స్ ఉక్కు కాఠిన్యం, రాక్‌వెల్ అనే కొలమానంలో, 56 దగ్గర ఉంటుంది, మరీ గట్టిది కాదు. త్వరగా మొద్దవుతుంది, అంతే త్వరగా పదునెక్కుతుంది. దానికి నెలకోసారి 1000 ముఖం, బెల్టు చాలు. 400 దాకా పోనవసరం లేదు.

స్లిప్‌జాయింట్లకు ఒక ప్రత్యేక జబ్బుంది. ఎన్నిసార్లు పట్టినా అంచులో ఒకే చోట మొద్దు కనిపిస్తే, మూసేటప్పుడు ఆ చోటు లోపలి స్ప్రింగుకు తగులుతోందన్నమాట. బ్లేడు మొదట్లో పదును లేని చిన్న బుడిపె ఉంటుంది. మూశాక అది స్ప్రింగు మీద ఆని అంచును పైన ఉంచుతుంది. సాన పడుతూ ఆ బుడిపెను కూడా అరగదీస్తే అంచు కిందికి దిగి ఉక్కుకు కొట్టుకుంటుంది. బుడిపె జోలికి పోకండి. ‘టప్’ మని వదిలేయకుండా చేత్తో పట్టి మూయండి.

మామిడికాయ కోసినందుకు కొత్త ఒపినెల్ కార్బన్ చాకు (స్టెయిన్‌లెస్ కాని ఉక్కుది) నల్లగా అయింది. జంగు పట్టినట్టా? ముక్కలకు కూడా ఇనుప వాసన వస్తుంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

నలుపు, బూడిద, నీలం రంగులైతే జంగు కాదు. కాయలోని పులుపూ వగరూ ఇనుముతో కలిసి కట్టిన పొర అది. రానివ్వండి, కొంత రక్షణ కూడా. ఎర్రగా, పొడిలా, గుడ్డకు అంటుకునేదైతేనే జంగు.

వాసన మొదటి పది పదిహేను వాడకాల్లోనే ఎక్కువ. ముందే పొర కట్టించుకుంటే త్వరగా తగ్గుతుంది. బ్లేడును సబ్బుతో కడిగి జిడ్డు పోగొట్టి, వేడిచేసిన వెనిగర్‌లో బ్లేడు వరకే 20–30 నిమిషాలు ముంచండి. చెక్క తగలకూడదు. బయటికి తీసి వంటసోడా నీళ్లతో కడిగి, తుడిచి, నూనె చుక్క పులమండి. నిజంగా ఎర్ర జంగు కనిపిస్తే వంటసోడా ముద్దను సీసా కార్కుతో రుద్దండి. పోకపోతే అతి సన్నటి స్టీల్‌ఉన్ని, నూనెతో. ఇటుకపొడి వద్దు, గీతలు పడి వాటిల్లోనే మళ్లీ జంగు మొదలవుతుంది.

పులుపు కోశాక అరగంట తర్వాత తుడుద్దాం అనుకునే వాళ్లు స్టెయిన్‌లెస్ రకమే కొనాలి, అందులో తప్పేం లేదు. అన్నట్టు, ఆవకాయకి టెంకతో కాయ కొట్టే పని ఈ చాకుతో ప్రయత్నించకండి. ఒకరు ప్రయత్నించినట్టున్నారు, వాళ్ల ఉత్తరం కిందే ఉంది.

మామిడి టెంకలో దిగిన చాకును ఊపి లాగితే మొన 3 మిల్లీమీటర్లు విరిగింది. బాగుచేయొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

చేయొచ్చు. అందరూ చేసే తప్పు, పదును వైపు అరగదీసి కొత్త మొన తీయడం. అలా చేస్తే మొన వీపు దగ్గరికి ఎక్కుతుంది. మూసినప్పుడు పిడిలోకి దిగకుండా బయటికి పొడుచుకొస్తుంది. వీపు వైపు నుంచే అరగదీయాలి. వీపును కిందికి వాలుస్తూ పదునంచుతో కలపాలి. 400 రాయిమీద, లేదా సన్నటి ఆకురాయితో మొదలుపెట్టి, ప్రతి ఇరవై తోపులకీ నీళ్లలో ముంచుతూ చేయండి. 3 మిల్లీమీటర్లకు అరగంటో ముప్పావుగంటో పట్టొచ్చు. మధ్యమధ్య మూసి చూసుకోండి. చివర్లో మొన దగ్గర పదును మామూలుగా పట్టడమే.

కేస్ స్టాక్‌మన్ చాకులో మూడు బ్లేడులెందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

పశువుల కాపరుల చాకు అది. పొడుగు మొనది అన్ని పనులకీ. తిన్నటి అంచు, మొండి మొన ఉన్నది తాడు, తోలు, అట్ట కోయడానికి. దాన్ని బల్లకు ఆనించి లాగితే అంచు మొత్తం ఒకేసారి తగులుతుంది. గుండ్రటి మొన ఉన్న పొట్టిది పశువులకు విత్తుకొట్టడానికి. ఇప్పుడు దాన్ని చాలామంది వెన్న రాసుకోవడానికి వాడుకుంటారు.

ఇరుసుకు కొబ్బరినూనె వెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

తుడవడానికి సరే, ఇరుసుకు వద్దు. చలికాలం గడ్డకడుతుంది, నెలలు గడిచేకొద్దీ కనరెక్కి జిగురవుతుంది. జేబులోని నూలుపోగులు దానికి అంటుకుని ముద్ద కడతాయి. ముందు పుల్లతో ఆ పోగులు తీసి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి, పదిసార్లు తెరిచి మూసి, బయటికొచ్చిన నల్లటిది తుడిచేయండి. పండ్లు కోసే చాకైతే తినే వస్తువులకు వాడదగ్గ మినరల్ ఆయిల్ మేలు.

హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. లండన్‌లో రెండు రోజులు ఆగుతాం. ఒపినెల్ 8 జేబులో ఉండటం నాకు అలవాటు. చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జేబులోంచి తీసి పెద్ద సూట్‌కేసులో, చెక్ఇన్ సామానులో పెట్టండి. క్యాబిన్‌లోకి ఇక్కడా అమెరికాలోనూ మడత చాకును అనుమతించరు, పొడవు ఎంతైనా సరే. ఎక్కువమంది పోగొట్టుకునేది పెద్ద చాకుల్ని కాదు, తాళం గుత్తికి వేలాడే చిన్న క్లాసిక్‌ని. అది ఉన్నట్టే గుర్తుండదు. ముందురోజు రాత్రే గుత్తి నుంచి తీసేయండి.

మన దేశంలో ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు లెక్కలోకి వచ్చేవి 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడులు, అదీ ఇంటి, వ్యవసాయ పనుల కోసం తయారైనవి కాకపోతే. మీ 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లే. అయితే ప్రత్యేక ప్రకటనతో ఫలానా ప్రాంతంలో ఆంక్షలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. కోర్టు గేటు దగ్గరో సినిమా హాలు దగ్గరో సెక్యూరిటీ ఆపితే అంగుళాల లెక్క చెప్పి వాదించి లాభం లేదు. అక్కడికి తీసుకెళ్లకపోవడమే సులువు.

లండన్‌లో జాగ్రత్త. ఇంగ్లండ్‌లో సరైన కారణం చెప్పనక్కర్లేకుండా బయట జేబులో ఉంచుకోగలిగేది 3 అంగుళాలకు, అంటే 7.62 సెంటీమీటర్లకు మించని, లాక్ లేని మడత చాకు మాత్రమే. మీ ఒపినెల్ రెండు విధాలా దాటిపోయింది, పొడవులోనూ, రింగు వల్లా. పండ్లు కోసుకుందామని జేబులో పెట్టుకున్నా ఇబ్బందే. ఆ రెండు రోజులూ సూట్‌కేసు తెరవకండి. తరచూ వెళ్లేవారైతే అక్కడికి చిన్న స్లిప్‌జాయింట్ మేలు.

అమెరికాలో రాష్ట్రానికో చట్టం, ఊరికో ఉపచట్టం. సమాఖ్య ప్రభుత్వ భవనాల్లోకి రెండున్నర అంగుళాలు, ఆపైన పొడవున్న బ్లేడు తీసుకెళ్లడం నేరం. అంతకంటే చిన్న జేబు చాకును చట్టం ప్రమాదకర ఆయుధంగా చూడదు గానీ, గుమ్మం దగ్గర స్కానర్ ఉన్నచోట లోపలికి రానివ్వకపోవచ్చు. మనవల బడికి వెళ్లే రోజు మాత్రం చిన్నదైనా సరే, ఇంట్లో వదిలి వెళ్లండి.